తాళాలకు బొమ్మ లేదు

నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటోలు ఆగే మలుపు దగ్గర రుక్కమ్మ మిర్చి బజ్జీలు వేస్తుంది. చుట్టూ అద్దాల మేడలు లేచాయి. ఆమె పొయ్యి చోటు మారలేదు. శనివారం సాయంత్రం మాత్రం బండి ఉండదు. ఆ పూట ఆమె భజన పాడుతుంది.

భజన వాళ్లకు ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. అందరికీ చదువు రాదు కనుక ముందురోజు ఎవరి వాద్యం బొమ్మ వాళ్లు పెడతారు. పెడితే వస్తున్నట్టు. మైకు రుక్కమ్మది. డోలు ఆటో నడిపే వేణుది. హార్మోనియం బొమ్మ దొరక్క అనంతపురం లక్ష్మీనారాయణ పియానో పెడతాడు. జంట స్వరాల బొమ్మ కనిపిస్తే అందరూ కలిసి పాడే పాట ఉన్నట్టు. గంట కనిపిస్తే ప్రసాదం సిద్ధమైనట్టు.

సరోజమ్మ కంచు తాళాలకు బొమ్మే లేదు. ఆమె ఏమీ పెట్టకుండానే వచ్చేది. ఈసారి భజన లక్ష్మీనారాయణ కొత్త ఫ్లాటులో. "బొమ్మ పెట్టినోళ్ల పేర్లే గేటు కాడ వాచ్‌మన్‌కు చెప్తాను" అని అతను వాయిస్ పంపాడు. సరోజమ్మకు అది గుచ్చుకుంది. రానంది.

పాడుతూ పాడుతూ రుక్కమ్మ గొంతు పరుగందుకుంటుంది. దాన్ని పట్టి నిలిపేవి ఆ తాళాలే. అవి లేకుండా ఆమె ఎన్నడూ పాడలేదు. బండి కట్టేసి, వేణు ఆటో ఎక్కి సరోజమ్మ ఇంటికి పోయింది.

"బొటనవేలు పెట్టు వదినా, సాలు."

"నేనేమన్న బొటనవేలు వాయిస్తనా?"

"పోనీ, గంట పెట్టు."

"గంట జూసి అందరు పులిహోరకు ఉరికొస్తరు. ఇజ్జత్ పోతది."

వేణు సరోజమ్మ ఫోన్ తీసుకుని వెతికి, పెనం మీద గుడ్డు బొమ్మలు రెండు చూపించాడు. "గుండ్రంగనే ఉన్నయి గద పెద్దమ్మా!"

"దేవుని ముందట గుడ్లారా! నీ నోట్ల మన్నువడ!" అంటూనే సరోజమ్మ నవ్వింది. నవ్వు ఆగక గడప మీద కూలబడింది.

రుక్కమ్మ ఫోను లాక్కుంది. వేలితో జరుపుతూ పోయి ఒకచోట ఆగింది. నిండు చందమామ. దాని పక్కన ఇంకొకటి చేర్చింది.

సరోజమ్మ లోపలికి వెళ్లి తాళాలు తెచ్చి ఫోను పక్కన పెట్టి చూసింది.

"నడుమ తాడు లేదు."

"తాడు నువ్వే కట్టుకో. జర నొక్కు, నా తల్లీ."

నొక్కింది. వెంటనే గ్రూపులో డోలు, పియానో, జంట స్వరాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. లక్ష్మీనారాయణ గొంతు వినిపించింది: "సరోజమ్మగారూ, గేటు కాడ నేనే నిలబడి ఉంటానమ్మా."

మర్నాడు పాట మధ్యలో రుక్కమ్మ గొంతు ఉరికింది. ఖణేలుమని తాళం పడింది. గొంతు దారికొచ్చింది. తర్వాతి పాటలో ఆమె కావాలనే ఇంకోసారి ఉరికింది. సరోజమ్మ కళ్లు పెద్దవి చేసి, మరింత గట్టిగా వాయించింది.