చెంబెడు నీళ్ళ పరీక్ష

మా తాపీ పనివాళ్ళకు ఒక పాడు అలవాటు ఉండేది. కొత్త ఇంజనీరు వస్తున్నాడంటే కట్టుబడిలో ఒకచోట కావాలనే తప్పు చేసిపెట్టేవాళ్ళం. పట్టుకుంటే ఆ మనిషి మాట వింటాం. పట్టుకోకుండా సంతకం పెడితే ఆ పని ముగిసేదాకా ఆయన ఉత్సవ విగ్రహమే. దండం పెడతాం, చెప్పింది మాత్రం చెయ్యం.

ప్రమీలారాణి ఎనభై నాలుగు ఎండాకాలంలో ములకలపల్లి అవతల మేం బడి కడుతున్న చోటికి వచ్చింది. సొంతూరు వైరా. వరంగల్లులో ఇంజనీరింగు ముగించి నెల కాలేదు. ఇదే మొదటి ఉద్యోగం. బస్సు దిగి ఎర్రదుమ్ములో రెండు మైళ్ళు నడిచొచ్చింది.

ముందురోజే కాంట్రాక్టరు వెంకటరామారావు పెద్దమేస్త్రినని నా చెవిలో వేశాడు.

"వెంకటప్పయ్యా, ఆడపిల్ల ఈ ఎండలో ఏం నిలబడుద్ది? నువ్వు చూసి చెప్పు. పనికిరాదంటే పైవాళ్ళకు చెప్పి ఆఫీసులో బల్ల దగ్గర కూచోబెట్టిస్తా."

అంటే ఆ అమ్మాయి ఇక్కడ ఉండేదీ పోయేదీ నా నోటి మీద ఉంది. నేను ఊరుకుంటానా?

కిటికీ కింది అంచుకు వాననీళ్ళు బయటికి జారేట్టు కొంచెం వాలు పెడతాం. మూడో కిటికీకి ఆ వాలు లోపలికి పెట్టాను. కంటికి ఆనదు. సిమెంటు మాలు మోసే తండా మనిషి హేమ్లి ఒక్కతే కనిపెట్టింది.

"పాపం, చిన్నపిల్ల గదా మేస్త్రీ!"

"పట్టదు. పందెం."

"పట్టుకుంటది. ఓడితే అందరికీ మిరపకాయ బజ్జీలు నువ్వే పెట్టాలె."

ప్రమీలారాణి గోడల చుట్టూ రెండుసార్లు తిరిగింది. టేపు పట్టింది, పుస్తకంలో రాసుకుంది, సంతకం పెట్టడానికి మళ్ళీ పెన్ను మూత తీసింది. నేను హేమ్లి వైపు కన్ను గీటాను. అప్పుడు ఆ అమ్మాయి, "కాసిని నీళ్ళిస్తారా?" అంది.

హేమ్లి చెంబు అందించింది. ఆమె ఒక గుక్క తాగి మిగిలినవి గది లోపలివైపు నుంచి కిటికీల అంచుల మీద పోసుకుంటూ పోయింది. మొదటిది బయటికి, రెండోది బయటికి. మూడోదాని నీళ్ళు తిరిగి వచ్చి ఆమె చెప్పులు తడిపాయి.

"మేస్త్రిగారూ, వానొస్తే పిల్లలు గొడుగులేసుకుని చదువుకోవాలా?"

అందరూ గొల్లున నవ్వారు. నేను అలవాటు సంగతి చెప్పేశాను. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే నా తూకం గుండు అడిగి తీసుకుని తూర్పు మూలకు వేలాడదీసింది. గోడ వేలు మందం బయటికి ఒరిగి ఉంది.

అది నేను కావాలని చేసింది కాదు. ఇరవై ఏళ్ళ కన్ను కదా అని ఆ మూలకు గుండే పట్టలేదు.

"అవ్ అమ్మా, గది గూడ పరీక్షకే పెట్టిన," అన్నాను.

"పరీక్ష అయిపోయిందిగా. కూలగొట్టండి."

రెండు రోజుల పని. మాట వింటామన్నది మేమే కదా, గునపం తీశాను. హేమ్లి ఇటుకలు ఎత్తుతూ, "బజ్జీలు వేడిగుండాలె మేస్త్రీ," అని గుర్తుచేసింది.

మర్నాడు మూల మళ్ళీ లేపుతుంటే ప్రమీలారాణి నా పక్కన కూచుని తాపీ అడిగింది. ఆరు ఇటుకలు పేర్చింది. అవి పాము పోయినట్టు పోయాయి.

"ఏందమ్మా, ఇది మాకు పరీక్షనా?" అన్నాను.

"కాదు. నాకు రాదు. నేర్పండి."

అంత చదువుకున్న పిల్ల రాదని ఒక్కమాటలో చెప్పేసింది. నా చేతిలో ఇటుక అట్లాగే ఆగింది.

"నిన్నటి మూల గూడ పరీక్ష కాదమ్మా," అన్నాను. "నా తప్పే."

"తెలుసు," అంది, ఇటుక తిప్పి పెడుతూ.

సాయంత్రం కాంట్రాక్టరు వచ్చాడు. సగమే లేచిన మూలను చూసి, బజ్జీలు తింటున్న మమ్మల్ని చూసి, నన్ను పక్కకు పిలిచాడు.

"ఏమంటావు? బల్ల వేయించనా?"

"వేయించుండ్రి సారూ. గానీ ఆఫీసుల కాదు, ఇటు పంపుండ్రి. ఆ అమ్మ ఎక్కి నిలబడి పై వరసలకు గుండు పట్టి చూస్తది."