అక్క బేస్‌మెంట్‌లో నేల వెచ్చబడిన రోజు

పోయిన నెల మోరిస్‌విల్‌లో మా అమ్మాయి కొత్తగా బాగుచేయించుకున్న బాత్‌రూమ్‌లోకి పొద్దున్నే ఒట్టి కాళ్లతో అడుగుపెట్టాను. టైల్స్ చురుక్కుమంటాయని కాలివేళ్లు ముందే ముడుచుకున్నదాన్ని, కింద నుంచి గోరువెచ్చగా తగిలేసరికి పళ్లు తోముకోవడం కూడా మరిచి అలాగే నిలబడిపోయాను. "హీటెడ్ ఫ్లోర్ అమ్మా, ఫోన్‌లోంచే ఆన్ చేసుకోవచ్చు, తెలుసా?" అంటూ అది నాకు పాఠం మొదలుపెట్టింది. ఓసి పిచ్చిదానా, నువ్వు పుట్టకముందే నేల వెచ్చబడటం కళ్లారా, కాదు కాదు, అరికాళ్లారా చూసినదాన్ని నేను!

చదువు ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో పిస్కాటవేలో అక్కా బావగార్ల ఇంట్లోనే ఉండేదాన్ని. అక్క శనివారాలు బేస్‌మెంట్‌లో పిల్లలకు కూచిపూడి నేర్పేది. పెళ్లై ఈ దేశం వచ్చాక తనదంటూ మిగిలింది ఆ క్లాసొక్కటే. వారమంతా ఎలా ఉన్నా, శనివారం నడుముకు చున్నీ బిగించి కర్రతో తాళం వేస్తుంటే అక్క ముఖంలో వెలుగు చూడాలి. అయితే చలికాలం వచ్చిందంటే ఆ సిమెంటు నేల మంచుగడ్డే. సాక్సులు వేసుకుంటే పిల్లలు జర్రున జారేవాళ్లు, పైగా అడుగు చప్పుడే వినబడేది కాదు. హీటర్ పెడితే దాని హోరులో తాళం వినబడక, వేడిగాలంతా పైకెక్కి, తలకు చెమటలూ పాదాలకు కొంకర్లూనూ. ముక్కులు ఎండిపోయి దగ్గులు వేరే. చలి తగ్గాక పంపిస్తామంటూ తల్లులు ఒక్కొక్కరే పిల్లల్ని మాన్పించడం మొదలుపెట్టారు. ఈ చలికాలం ఇలాగే ఉంటే ఇక క్లాసు మూసేస్తానని అక్క తేల్చి చెప్పేసింది.

మా బావగారు సాఫ్ట్‌వేర్ మనిషి, పట్టుకుంటే వదిలే రకం కాదు. ఎక్కడెక్కడో చదివి, పనివాళ్లను పిలిపించి, ఆ నేల మీద చుట్టలు చుట్టలుగా సన్నటి గొట్టాలు పరిపించి, వాటిమీద పలచగా సిమెంటు పోయించి, పైన చెక్క వేయించారు. బాయిలర్‌లోంచి వేడినీళ్లు ఆ గొట్టాల్లో తిరుగుతుంటే నేలే వెచ్చబడుతుందట. అంతా బాగానే ఉంది కానీ, మన ఈడు వాళ్లకు చెప్పక్కర్లేదు, స్నానానికి ముందు గీజర్ వేయడం, బయటికి రాగానే ఆపేయడం, మరిచిపోయామా, నాన్నగారి కేక వీధి చివరిదాకా వినబడటం! ఆ పెంపకంలోంచి వచ్చిన మనిషి కనక బావగారు క్లాసుకు కాసేపటి ముందు స్విచ్ వేసి, పిల్లలు మెట్లెక్కగానే ఆపేసేవారు. అంత సిమెంటు కాగాలంటే సగం రోజైనా పడుతుందని మాకెవరికి తోచింది? అది వెచ్చబడదామనుకునేసరికి క్లాసయిపోయేది. "మీ పైపులూ మీరూనూ!" అని అక్క ఒక ఏడుపు ఏడ్చి, వచ్చే శనివారమే ఆఖరి క్లాసని తల్లులందరికీ ఫోన్లు చేసేసింది.

ఆ ఆఖరి క్లాసుకు ముందురోజు బావగారు ఒకసారి చూద్దామని స్విచ్ వేశారు. అదే హడావుడిలో స్నేహితుల ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి బయల్దేరాం. మంచు ముంచుకొచ్చి అక్కడే చిక్కుబడిపోయాం. మర్నాడు తిరిగొస్తూ దారిపొడుగునా ఆయన "అయ్యో, ఆపలేదే, ఆపలేదే" అని ఒకటే గోల. ఇంటికొచ్చేసరికి పిల్లలు కార్లలో ఎదురుచూస్తున్నారు. అక్క మొహం వేలాడేసుకునే అందరినీ కిందికి తీసుకెళ్లింది.

నాట్యానికి ముందు నేలను తాకి భూదేవికి మొక్కుతారు కదా. ఆ చలికాలమంతా పిల్లలు వేలికొసలు అలా ఆనించి లటుక్కున తీసేసుకునేవాళ్లు. ఆ రోజు వంగిన పిల్లలు చేతులు తీయలేదు. అరచేతులు పూర్తిగా ఆనించి అలాగే ఉండిపోయారు. అందరిలోకీ చిన్నది ఏకంగా చెంప ఆనించేసి, "టీచరాంటీ, ఫ్లోర్ వెచ్చ ఉంది! సో వార్మ్! నేను ఇంటికి పోను!" అంది. అక్క కర్ర పక్కన పెట్టి వంగి తాకింది, తాకి అక్కడే చతికిలబడి భోరున ఏడ్చేసింది. మంట లేదు, గాలి లేదు, చప్పుడు లేదు, కిటికీ అద్దానికి సగందాకా మంచు, అయినా భూమే తల్లిలా వెచ్చగా పాదాలు పట్టుకుంది! ఆ రోజు పిల్లలంతా ఒక్కసారిగా అడుగు వేస్తే పైన వంటింట్లో గిన్నెలు అదిరాయని బావగారు మురిసిపోయారు. ఆ తర్వాత ఆయన ఆ స్విచ్ తాకలేదు, మమ్మల్ని తాకనివ్వలేదు. క్లాసు మూతపడలేదు, ఏళ్ల తరబడి నడిచింది.

ఇప్పుడు ఆ ఇల్లు అమ్మేశారు. అక్క నేర్పుతూనే ఉంది, కాకపోతే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని. పిల్లలు ఎవరిళ్లలో వాళ్లు, ఎవరి వెచ్చటి గదుల్లో వాళ్లు, ఎవరికీ పాదాలు కొంకర్లు పోవు, సంతోషమే. మొన్న పక్కన కూర్చుని చూశాను. అడుగుల చప్పుడు ఒకరిది ముందూ ఒకరిది వెనకా వచ్చి తాళం చెదిరిపోతోందని అక్క అందరినీ మ్యూట్ చేసేసింది. చేసి, వినబడని ఆ పాదాలకు కర్రతో తాళం వేస్తూ కూర్చుంది.