ఉరుకుందప్ప మంద, కాళ్ళ గుంత

పదిహేనేళ్ళ కిందట, జూన్ నెలలో, నన్ను ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య ఉన్న ఒక పల్లె పశువైద్యశాలకు బదిలీ చేశారు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పేరులో సర్జన్ ఉంది గానీ రోజూ చేసేది టీకాలు, నట్టల మందులు, కష్టపు ఈతలు, వీటన్నిటి మీద నెలవారీ నివేదికలు. పై అధికారి ఆదోనిలో ఉండే సహాయ సంచాలకులు. మేమంతా ఏడీ గారు అనేవాళ్ళం. నా కింద ఉన్నది ఒకే ఒక్కడు, అటెండరు సామేలు. ఇరవై ఏళ్ళుగా అదే ఆసుపత్రిలో ఉన్నాడు కాబట్టి అసలు డాక్టరు అతనే అని ఊరివాళ్ళ అభిప్రాయం. నేను దాన్ని ఖండించడానికి ప్రయత్నించలేదు.

నాది చిత్తూరు జిల్లా. అప్పటిదాకా సర్వీసంతా పాడి ఆవుల మధ్యే గడిచింది. గొర్రెల గురించి నాకు తెలిసిందల్లా కాలేజీలో చదివి, పరీక్ష రాసి, ఆ సాయంత్రమే మరిచిపోయిన సంగతులు. అందుకని వచ్చిన మూడు నెలలూ ఆ జీవాల్ని వింతగా చూస్తూ గడిపాను. అక్కడ గొర్రెల్నీ మేకల్నీ కలిపి జీవాలంటారు.

సెప్టెంబరులో వాన పట్టుకుని వదల్లేదు. నల్లరేగడి పొలాలు బురదయ్యాయి. ఒకరోజు పొద్దున్నే ఉరుకుందప్ప అనే కాపరి ఒక గొర్రెను మెడ మీద వేసుకుని ఆసుపత్రికి వచ్చాడు. యాభై దాటిన మనిషి. నూట నలభై జీవాల మంద అతనిది. గొర్రెను దించగానే అది ముందు మోకాళ్ళ మీద కూలబడి, అలాగే మోకాళ్ళతో పాక్కుంటూ ఆసుపత్రి ముందరి గడ్డి మేయసాగింది. గిట్ట చీలిక విడదీసి చూశాను. మధ్య చర్మం ఎర్రగా పాచిపోయి ఉంది, గిట్ట పెంకు ఒక పక్క లేచి వస్తోంది. వాసనకు ముఖం తిప్పుకోక తప్పలేదు. దీన్ని గిట్టకుళ్ళు అంటారు. తడి రేగడి చీలికలో ఇరుక్కుని చర్మాన్ని నానబెడుతుంది. నానిన చోట సూక్ష్మజీవులు చేరతాయి. ఒక గొర్రె తొక్కిన బురదను ఇంకొకటి తొక్కితే చాలు, అంటుకుంటుంది.

అలాంటివి మందలో ముప్పైకి పైగా ఉన్నాయనీ, వాటిలో ఎక్కువ చూడివేననీ చెప్పాడు. దీపావళి దాటి వేరుశెనగ పొలాలు ఖాళీ కాగానే అతను మందను తోలుకుని సి.బెళగల్, కోడుమూరు వైపు నడిచిపోతాడు. రోజుకొక రైతు పొలంలో మంద నిలుపుతాడు. ఎరువు రైతుకు, గింజలు కాపరికి. నడవలేని గొర్రె ఆ ప్రయాణానికి పనికిరాదు. ఆదోని బేరగాడు అప్పుడే వచ్చి కుంటివాటి వీపులు తడిమి చూసి పోయాడట, కోతకు.

“వచ్చే సంతకు బండి తెస్తానన్యాడు. నువ్వు ఏమన్నా జేస్తానంటే ఆపుతానమ్మా. లేదంటే ఎక్కిచ్చేస్తా. అన్నీ సూడివి,” అన్నాడు. సంతకు ఇంకా ఎనిమిది రోజులుంది.

ముప్పై గొర్రెలకు సూదులు వేయవచ్చు. కానీ మిగిలిన వంద అదే బురదలో తిరుగుతుంటే రేపు అవీ కుంటుతాయి. మంద మొత్తాన్నీ ఒకేసారి పట్టాలంటే కాళ్ళకు మందు స్నానం చేయించాలి. గిట్ట మునిగేంత లోతున మందు నీళ్ళు నింపి, వాటిలో మందను కాసేపు నిలబెట్టడమే ఆ పద్ధతి. ఉన్న పుండు మానుతుంది, లేనివాటికి రాకుండా ఆగుతుంది. పాత పుస్తకం దుమ్ము దులిపి చదివాను. జింక్ సల్ఫేట్ అన్నిటికన్నా మంచిదని ఉంది. మా స్టోరులో అది లేదు. ఇండెంటు పెడితే రావడానికి నెల పడుతుంది. ఉన్నది మైలతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్. అది కూడా పనిచేస్తుంది గానీ గొర్రెకు రాగి పడదు. ఆవు తట్టుకునే పాళ్ళు గొర్రె కాలేయం తట్టుకోలేదు. అది నాకు తెలుసు. అంత వగరు నీళ్ళను ఏ జంతువూ నోట పెట్టదులే అనుకున్నాను. అయినా “తాగనివ్వకూడదు” అని ఉరుకుందప్పకు రెండుసార్లు చెప్పాను. నేను వచ్చి గిట్టలు చూసేదాకా మందను దొడ్డి నుంచి వదలవద్దని కూడా చెప్పాను.

గుంత తవ్వి ఉంచమన్నది మూడో రోజుకు. ఆ రోజు ఆదోనిలో నెలవారీ సమీక్ష. పదింటికి ముగుస్తుందనుకున్నది పన్నెండు దాటింది. నేను దొడ్డి చేరేసరికి ఒంటిగంట. వాన తెరిపిచ్చి ఎండ చురుక్కుమంటోంది. ఉరుకుందప్ప చెప్పింది చెప్పినట్టు చేశాడు. మూరెడు వెడల్పున పొడుగ్గా కాలువలా తవ్వి, నీలం టార్పాలిన్ పరిచి, అంచులకు రాళ్ళు పెట్టి, రెండు పక్కలా కంప నాటాడు. మందు నీళ్ళు నాలుగు వేళ్ళ లోతు పోశాం. టార్పాలిన్ నీలంలో మైలతుత్తం నీలం కలిసిపోయింది. మంచినీళ్ళో మందు నీళ్ళో నేనే పోల్చుకోలేను.

నేనూ సామేలూ దొడ్డి మూలన కూర్చుని కుంటివాటి గిట్టలు చెక్కడం మొదలుపెట్టాం. పెరిగిన పెంకు తీసేస్తేనే మందు పుండుకు తగులుతుంది. అవతల ఉరుకుందప్ప, అతని భార్య లింగమ్మ మందను గుంతలోకి తోలుతున్నారు. ఒక్కటీ దిగలేదు. అంచుదాకా వచ్చి, ఆగి, చుట్టూ తిరిగి మళ్ళీ దొడ్డిలోకే వచ్చేస్తున్నాయి. అరగంట గడిచింది.

అప్పుడు ఉరుకుందప్ప గుంత దగ్గర నిలబడి పెదవులతో “ప్రూ... ప్రూ...” అని సాగదీసి పిలిచాడు. మందంతా ఒక్కసారి తలెత్తింది. కుంటివి కూడా పరుగందుకున్నాయి. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. “చూశావా సామేలూ, ఎంత బుద్ధిగా పోతున్నాయో!” అన్నాను.

సామేలు చేతిలో కత్తి పడేసి లేచాడు. “మేడమ్, అది నీళ్ళకు పిల్సేది!” అంటూ పరుగెత్తాడు.

ఆ పొలాల్లో జీవాలకు నీళ్ళు పెట్టేది అలాగేనట. బోరు దగ్గర నేల తవ్వి, టార్పాలిన్ పరిచి, నీళ్ళు నింపి, ఆ పిలుపు పిలుస్తారు. పిల్లప్పటి నుంచి ఆ గొర్రెలకు ఆ గుంత, ఆ పిలుపు కలిస్తే అర్థం ఒక్కటే. పైగా నా మాట విని పొద్దుటి నుంచీ వాటికి నీళ్ళు పెట్టలేదు. మేం చేరేసరికి ముందు వరస అంతా తల దించి తాగుతోంది. తువ్వాళ్ళతో, చేతులతో కొట్టి తరిమాం. మూతులు పట్టి చూస్తే తొమ్మిది తాగినట్టు తేలింది. అన్నిటికన్నా ముందు పరుగెత్తి, అన్నిటికన్నా ఎక్కువ తాగింది మెడలో గంట ఉన్న గొర్రె. మంద దాని వెనకే నడుస్తుంది.

కోడిగుడ్ల తెల్లసొన, పాలు తాగించాం. అసలు విరుగుడు మందు మా దగ్గరే కాదు, ఆదోనిలోనూ దొరకలేదు. ఏడు కోలుకున్నాయి. మర్నాడు మధ్యాహ్నానికి రెండు చనిపోయాయి. వాటిలో గంట గొర్రె ఒకటి. శవపరీక్ష చేశాను. పొట్ట లోపలి పొర ఆకుపచ్చగా మారి, ఊడి వస్తోంది. ఇంకే కారణం వెతకాల్సిన పని లేదు.

పాముకాటని రాసేయండి మేడమ్ అన్నాడు సామేలు, నా మంచి కోరే. నేను ఉన్నదే రాశాను. ఏడీ గారు మెమో ఇచ్చి వివరణ అడిగారు, అదీ రాశాను. అవి పెద్ద కష్టం కాలేదు. ఉరుకుందప్పకు చెప్పడమే కష్టమైంది. తప్పు నాదని చెప్పాను. పడని మందు వాడానని, దప్పికతో నిలబెట్టించానని, ఒక్కొక్కటిగా అన్నీ చెప్పాను. సిగ్గుతో అతని మొహం చూడలేకపోయాను.

“తాగనీయొద్దని నువ్వు సెప్పినావు, నేను ఇన్నాను,” అన్నాడతను. “దిగకపాయె, ఏం జేయాల్నో తెలీక పిల్సినా. దగ్గరికొస్తే తోసేయొచ్చనుకున్యా. నేను పిల్సినానని గదమ్మా వచ్చినాయి.”

లింగమ్మకు ఈ మాటలు నచ్చలేదు. “సచ్చినవాటి ముందర మీరిద్దరూ కూసుంటే కుంటేవి నడుస్తాయా? సంత ఇంగ ఐదు దినాలుంది,” అని కసిరింది. తర్వాత ఒక ప్రశ్న అడిగింది: “వంక దాటేటప్పుడు జీవాలు తాగుతాయా? కాళ్ళు తడుపుకోని పోతాయంతే గదా?”

నేను నోట్‌బుక్ తీశాను. వంకలో ఎందుకు తాగవు? దాటించే ముందే కడుపు నిండా తాపుతారు కాబట్టి. ఎలా దిగుతాయి? మనిషి ఆగకుండా ముందు నడుస్తాడు, ఆ వెనకే దిగుతాయి. ఏమని పిలుస్తారు? ఏమీ పిలవరు. ఈ మూడు జవాబుల్లో ఏ ఒక్కటీ నా పుస్తకంలో లేదు. గుంతలో గోనెసంచులు పరిచి మందు వాటికి పట్టిస్తే పైకి నీళ్ళే కనపడవని కూడా లింగమ్మే చెప్పింది.

ఈసారి నేనే ఎమ్మిగనూరు వెళ్ళి ఎరువుల అంగట్లో జింక్ సల్ఫేట్ తెచ్చాను. వేరుశెనగకు వేసేదే. పది లీటర్లకు ఒక కిలో కలిపి సంచుల మీద పోశాం. మందను ముందు బోరు దగ్గరికి తీసుకెళ్ళి ఇక చాలనేదాకా తాగించారు. ఉరుకుందప్ప చెప్పులు విడిచి, ఒక పిల్లను చంకన పెట్టుకుని గుంతలోకి దిగి నడిచాడు. పిల్ల తల్లి దిగింది, దాని వెనక మరొకటి, ఆ వెనక మంద. గుంత పట్టినన్నిటిని లోపల ఉంచి రెండు కొసలూ కంపతో మూసి, పావుగంట నిలిపి, వదిలి, మళ్ళీ నింపాం. లింగమ్మ కూడా మధ్యలో నిలబడింది. ఆమె మడమలు పగిలి ఉన్నాయి. “అమ్మమ్మా, మంట! డాక్టరమ్మా, నా కాళ్ళు గూడ బాగైతాయా ఏంది?” అని అరిచింది. దానికి నాకు అధికారం లేదని చెప్పాను. రెండు రోజుల తర్వాత మొదటిసారి మేమంతా నవ్వాం.

బయటికి వచ్చినవాటిని గంటసేపు ఎండిన బండ మీద నిలిపాం. వెంటనే బురదలోకి వదిలితే మందు పోసినదీ పోయనిదీ ఒకటే. దొడ్డిని కూడా రేగడి నుంచి ఎర్రమట్టి మిట్టకు మార్పించాను. సంతనాడు బేరగాడి బండి ఖాళీగా వెళ్ళింది. వారానికొకసారి చొప్పున ఐదు వారాలు స్నానం చేయించాం. మూడు మాత్రం బాగుపడలేదు, వాటిని అమ్ముకున్నాడు. తక్కిన చూడి గొర్రెలన్నీ నాలుగు కాళ్ళ మీద నడిచాయి. కొత్తగా కుంటినవి రెండో మూడో.

దీపావళి దాటాక వాళ్ళు బయల్దేరిన రోజు చూడటానికి వెళ్ళాను. ప్రయాణానికి ముందు బోరు దగ్గర నీళ్ళు పెడుతున్నారు. ఉరుకుందప్ప పిలవలేదు. గుంతదాకా తనే నడిచి, దోసిట నీళ్ళు తీసుకుని మొదట తను తాగి, పక్కకు జరిగాడు. గొర్రెలు ఒక్కొక్కటే వచ్చి తాగాయి. ఎందుకు పిలవలేదని అడిగాను. “ఇంగా నోరు రాలేదమ్మా,” అన్నాడు.

తర్వాత ఏడీనయ్యాను, చాలా మందలకు కాళ్ళ గుంతలు తవ్వించాను. ప్రతిచోటా మందు కలపకముందు కాపరిని, నీళ్ళకు ఎలా పిలుస్తావో ఒకసారి వినిపించమనేదాన్ని. కొత్త డాక్టర్లు నాకు చాదస్తం అనుకునేవాళ్ళు. గొర్రెకు రాగి విషమని నాకు ఆ రోజుకే తెలుసు. కాపరి పిలిస్తే అది విషమైనా తాగుతుందని తెలియదు. సామేలును అడిగి ఉంటే అర నిమిషంలో చెప్పేవాడు. మూడు నెలలు అతని పక్కన కూర్చుని పనిచేశాను, అడగలేదు.