ఇల్లు కాదు, ఖోలీ

నా చిన్నప్పుడు బొంబాయి కామాటిపురలోని మా ఒంటిగదిని అందరం ఇల్లు అనే పిలిచేవాళ్ళం. మా తాత మాత్రం ఒక్కనాడూ ఆ మాట అనలేదు, ఖోలీ అనేవాడు, అంటే ఉత్త గది అని. ముప్పై ఏళ్ళుగా మేస్త్రిపని చేస్తూ ఆ గదిలోనే బతికిన మనిషి అలా తీసిపారేస్తుంటే నాకు ఉక్రోషం వచ్చేది. పాలమూరులో వదిలొచ్చిన మట్టికొంప మీద ఇంకా మోజు తీరలేదు కాబోలు, ముసలాయన చాదస్తం అనుకునేదాన్ని.

ఆ యేడు వానలకు వెనక గోడ నెర్రె విచ్చింది. తాత దానికి అడ్డంగా పేపరు ముక్క అంటించి, పూటపూటా వేలితో తడిమి చూసేవాడు. గోడ కదిలితే పేపరు చిరుగుతుందట. మూడో రోజు చిరిగింది. కొత్తది అంటించాడు. మర్నాడు మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి అదీ నిలువునా చిరిగి ఉంది. పైనుంచి సున్నం రాలుతోంది.

“లేవుండ్రి. ఉన్నోళ్ళు ఉన్నట్టే కిందికి నడువుండ్రి,” అన్నాడు తాత. అమ్మ కదలలేదు. మాలాంటి అద్దెగదుల చాళ్ళలో ఒకసారి ఖాళీ చేసిన గది మళ్ళీ చేతికి రాదని అందరికీ భయం.

“ఇల్లిడిసి యాడికి పోతం మామా?” అని ఏడ్చింది.

తాత నా చంటి తమ్ముణ్ణి ఎత్తి ఆమె చంకలో పెట్టాడు. “ఇది ఖోలీ బిడ్డా. ఇల్లు నీ సంకల ఉన్నది. దాన్ని పట్టుకొని దిగు.”

మేం దిగుతూ వేసిన కేకలు విని, మొగుడు లేని పక్కింటి అక్క కూడా కూతుర్ని ఎత్తుకొని వీధిలోకి వచ్చింది. వచ్చాక, తలుపు తీసే ఉందని గుర్తొచ్చింది. అలా వదిలితే ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు. “జర పట్టుకో వదినా, తాళమేసొస్త,” అని పిల్లను అమ్మకు అందించింది. తాత వద్దని అరుస్తూనే ఉన్నాడు. ఆమె చెప్పుల చప్పుడు రెండో అంతస్తు దాకా విన్నాను. అంతలోనే వెనక భాగమంతా కూలింది.

అక్కను బయటికి తీసేసరికి ప్రాణం లేదు. ఒక్క తాళం కోసం అంత మనిషి పోయిందే అని నాకు ఇప్పటికీ కోపం.

ఆ పిల్ల మా అమ్మ దగ్గరే పెరిగింది. వర్లిలో, నాగ్‌పాడాలో ఎన్ని ఖోలీలు మారామో చెప్పలేను. గట్టిగా వాన పట్టిన రోజున ఇవాళ్టికీ ఆ పిల్లకు ఫోన్ చేస్తాను. ఇప్పుడు తానూ అమ్మమ్మ అయింది. “ఇంట్ల ఎవరెవరున్నరే?” అని అడిగి, ఒక్కొక్కరి పేరూ చెప్పించుకున్నాకే ఫోన్ పెడతాను.