ఫిల్టరుకు తోడు అడిగిన మా అత్తమ్మ

మా అత్తమ్మ పోయిందని జూలూరుపాడు నుంచి ఆడబిడ్డ ఫోన్ చేసేసరికి నేను గిన్నెలు తోముతున్నాను. ఫోన్ పెట్టేసి, మిగిలినవన్నీ తోమి, బోర్లించి, గట్టు తుడిచి, అప్పుడు కూర్చుని ఏడ్చాను. సగం తోమిన గిన్నెల ముందు ఏడిస్తే ఆమె ఒప్పుకునేది కాదు. "ఏడుపు యాడికి పోతది బిడ్డా, ముందుగాల పని కానియ్" అనేది.

తొంభైలలో మేం మణుగూరు కాలనీలో ఉండేవాళ్ళం. బొగ్గు గనుల ఊరు కదా, పొద్దున తుడిచిన కిటికీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాసుకోవచ్చు. మా అత్తమ్మ ఆ దుమ్ముతో పంతం పట్టింది. డ్యూటీ నుంచి వచ్చిన కొడుకును పెరటి గుమ్మంలోంచే రానిచ్చేది. నన్ను సతాయించింది, అబద్ధమెందుకు? నేను కడిగిన బియ్యం మళ్ళీ కడిగేది. "మీ మధిర దిక్కోళ్ళకు మాట శుభ్రం, చెయ్యి కాదు" అని నా మొహం మీదే అనేది. నాకు ఒళ్ళు మండేది.

అలాంటి ఇంట్లోకి మా ఆయన చేపల తొట్టి తెచ్చారు. వెనక లైన్లో పంపు ఆపరేటర్ గారింట్లో చూసి ముచ్చటపడ్డారు. "తినని చేపకు తిండి పెట్టుడేందిరా?" అని అత్తమ్మ నవ్వింది. తర్వాత ఎవరూ లేనప్పుడు చూస్తే తొట్టి ముందు పీట వేసుకుని కూర్చుని, "నువ్వు తిన్నవా? మరి నువ్వో?" అని ఒక్కో చేపనూ విడిగా అడుగుతోంది. నన్ను చూసి అద్దం తుడవడం మొదలుపెట్టింది.

కొన్నాళ్ళకు అదే కాలనీలో మాకు పెద్ద క్వార్టర్ వచ్చింది. చేపలకూ పెద్ద ఇల్లు కావాలని మా ఆయన ఖమ్మం వెళ్ళి కొత్త తొట్టి కొని, దుప్పట్లు చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. నీళ్ళు నింపి, బ్లీచింగ్ వాసన పోయేదాకా ఆగారు. చేపలను పాత నీళ్ళతోనే బిందెలోకి దింపారు. పాత ఫిల్టర్ స్పాంజిని వేరే బకెట్లో, అవే పాత నీళ్ళల్లో ముంచి, "దీన్ని ఎవరూ ముట్టొద్దు" అని చెప్పి డ్యూటీకి పోయారు.

మర్నాడు పాలు పొంగించాలి. పాత పాచి కొత్తింట్లో అడుగుపెట్టకూడదని అత్తమ్మ పాత చీపురును పాత క్వార్టర్లోనే వదిలేసింది, రోలు కడిగింది, గడప తలుపుల దుమ్ము దులిపింది. అప్పుడు బకెట్లో, గోధుమరంగు జిగురు పట్టిన ఆ స్పాంజి కంటబడింది. ముట్టొద్దని కొడుకు అన్నది ఆ మురికి చూసి సిగ్గుపడే అనుకుందట. పంపు కింద పెట్టి, బండ మీద బాది, పిండి, ఎర్రటి ఎండలో తీగ మీద ఆరేసింది. కొన్ననాటి కంటే తెల్లగా వచ్చిందని నాకు చూపించి మురిసిపోయింది కూడా.

మా ఆయన వచ్చి చూసి నెత్తి పట్టుకున్నారు. "అమ్మా, అది ఉత్త మురికి కాదే. దాంట్ల కంటికి కనపడని జీవాలుంటయి. చేపలు పాడు చేసిన నీళ్ళను అవే బాగు చేస్తయి. గన్ని నెలలు పెంచిన."

"అంటే నేను చంపిన్నా?"

ఆయన తీగ మీది స్పాంజిని తీసి, అలాగే కొత్త తొట్టి ఫిల్టర్లో బిగించి, చేపలను వదిలారు.

రెండు మూడు రోజులకే నీళ్ళు బియ్యం కడిగినట్టు తెల్లబడ్డాయి. చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. సగం నీళ్ళు మారిస్తే కాసేపు తేరుకునేవి, మళ్ళీ అంతే. ఒక ఎర్ర చేప చచ్చి తేలింది. "పాలు పొంగిచ్చిన ఇంట్ల పాణం పోవుడేంది బిడ్డా" అని అత్తమ్మ గడప దగ్గర కూలబడింది. అన్నం ముట్టలేదు. ఆమె చేతులు ఏ పనీ లేకుండా ఉండడం నేను చూసింది అప్పుడే. నాకు చాలా జాలేసింది.

ఆ సాయంత్రం దీపం పెట్టి, పాలు తోడెయ్యబోతూ చెంచా గాల్లోనే ఆపింది.

"అరేయ్, నువ్వు చెప్పిన జీవాలు... పాలల్ల తోడు లెక్కనా?"

"అవ్ అమ్మా, అసొంటియే."

"తోడు చెడిపోతే పక్కింట్ల తెచ్చుకుంటం గదరా, బర్రెను కొంటమా?"

కాలనీలో చేపలున్న ఇల్లు ఇంకొక్కటే, పంపు ఆపరేటర్ గారిది. చిక్కు కూడా అక్కడే ఉంది. ఒకసారి వాళ్ళింటికి చుట్టాలొస్తే ఆయన భార్య దీపాలు పెట్టాక తోడు కోసం మా గుమ్మానికి వచ్చింది. దీపం పెట్టినంక తోడియ్యరని అత్తమ్మ వట్టి చేతులతో పంపేసింది. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మా ఆయన తాను వెళ్తానంటే, "చెడగొట్టింది నేను, అడుగుడు నువ్వా?" అని కొంగు దోపి బయల్దేరింది. నేను వెనకాల నడిచాను.

ఆవిడ తలుపు తీసి, "ఏంది వదినా, తొవ్వ తప్పినవా?" అంది.

"మీ చేపల మురికి జరంత కావాలె వదినా. ఇయ్యకుంటే మావి దక్కయి. దీపం పెట్టినంక అడుగుతున్న, నాకెరికే."

ఆవిడ తలుపు రెక్క పట్టుకునే నిలబడింది. "ఆనాడు నువ్వు లేదన్నవు."

"అన్న. సుట్టాల ముందట నిన్ను చిన్నజేసిన."

ఆవిడ లోపలికి పోయింది. తలుపు వేసుకుంటుందేమో అనుకున్నాను. కత్తెరతో వచ్చి, తన ఫిల్టర్ స్పాంజి తీసి, సగానికి కోసింది. తొట్టి నీళ్ళే స్టీలు గిన్నెలో ముంచి, కోసిన ముక్క అందులో వేసింది. "మురికికి దీపమేంది వదినా, తీస్కపో. ఆరనియ్యకు" అంది.

నీళ్ళు ఒక్క రోజులో తేరలేదు. కానీ చేపలు మెల్లగా కిందికి దిగాయి, మిగిలినవన్నీ బతికాయి. "గంత శుభ్రం గూడ మంచిది కాదు బిడ్డా" అని అత్తమ్మ నాతో ఒప్పుకుంది. నా బియ్యం మళ్ళీ కడగడం మాత్రం మానలేదు.

నెల తిరక్కుండానే చేపలు పిల్లల్ని పెట్టాయి. నువ్వుగింజంత కళ్ళు, మిగతా ఒళ్ళంతా నీళ్ళే. ఆవిడ గిన్నె ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఇచ్చిన గిన్నె ఉత్తగా తిరిగివ్వరు కదా, ఏ బెల్లమో నువ్వులుండలో పెడుతుందనుకున్నాను. అత్తమ్మ తొట్టి నీళ్ళు నింపి, అందులోకి నాలుగు పిల్లల్ని చెంచాతో వదిలింది. ఇంకా దీపాల వేళ కాకముందే బయల్దేరింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. గిన్నె రెండు చేతుల్లో పట్టుకుని, చుక్క తొణకకుండా, అడుగులో అడుగేసుకుంటూ కాలనీ రోడ్డు దాటుతోంది. డ్యూటీకి పోయే స్కూటరొకటి వెనక నుంచి హారన్ కొట్టింది. ఆమె తల తిప్పలేదు, పక్కకు జరగలేదు.

"జర ఆగు నాయనా," అంది, "పసిపిల్లలున్నరు."