అమ్మ చీరకు నేను పెట్టిన పరీక్ష

నల్గొండ బస్టాండు దగ్గర బిర్యానీ తింటే పక్కన ఒక నిమ్మకాయ ముక్క పెడతారు. ముక్క అనడం నా మర్యాద. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే దానిలోంచి అవతలి బల్ల మీదివాళ్ళు ఏం తింటున్నారో కనబడుతుంది. పిండితే రసం రాదు, గింజ మాత్రం గురి చూసి కంట్లో పడుతుంది. మొన్న కూడా వడ్డించే ఆయనతో మాటా మాటా వచ్చింది.

"ఇంత చిన్నదానికి అంత కోపమెందుకు సార్," అన్నాడాయన.

చిన్నదేమీ కాదు. కొత్త రాష్ట్రం వచ్చిన కొత్తలో, ఆరు నిమ్మకాయల పులుపును సరిచేయబోయి మా ఇంట్లో నేనొక ఘోరం చేశాను. అది చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాది నేత ఇల్లు. బాపు రంగులు వేస్తాడు. ఆయన చేతులు మణికట్టు దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉంటాయి. అమ్మ చిటికి కడుతుంది. అంటే, పట్టుదారం రంగులో ముంచకముందే, ఎక్కడెక్కడ రంగు అంటకూడదో అక్కడ సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి ముడులు వేస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఊరివాళ్ళ చీరలకే కట్టింది. ఆ ఏడు మొదటిసారి తన కోసం కట్టుకుంది. కేతేపల్లిలో మా మేనమామ కూతురి పెళ్ళికి, తన చేత్తో చేసిన చీర తనే కట్టుకుని పోవాలని. నెలా పదిహేను రోజులు కూర్చుంది. చూపుడువేలి తోలు రెండుసార్లు లేచిపోయింది.

అప్పుడే నేను డిగ్రీలో చేరాను. జీవశాస్త్రమంటే కప్పను కోయడమనుకుని పోతే, నెలంతా రసాయనశాస్త్రమే చెప్పారు. అణువులు, బంధాలు, ఆ తర్వాత పీహెచ్. ఏడుకు కింద ఆమ్లం, పైన క్షారం, నడుమ ఏడు తటస్థం. మన ఒంట్లోని కణాలు చాలామటుకు ఆ ఏడు చుట్టుపక్కలే బతుకుతాయని సారు చెప్పారు. పట్టు కూడా ప్రొటీనే అని మరోరోజు చెప్పారు. ఒక కొంప ముంచడానికి ఈ రెండు ముక్కలు సరిపోతాయి. ల్యాబులోంచి ఒక చిన్న పీహెచ్ కాగితాల పుస్తకం కూడా నా జేబులోకి వచ్చింది. ఎలా వచ్చిందని అడక్కండి.

ఆదివారం బజారు నుంచి ఇంటికి వచ్చేసరికి పొయ్యి మీద స్టీలు గిన్నెలో ఎర్రరంగు నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. అమ్మ కట్టిన పట్టు అందులో కట్టెకు వేలాడుతూ ఉంది. పక్కన పిండేసిన నిమ్మ తొక్కలు.

"బాపూ, పట్టుల నిమ్మకాయ పిండుతవా?"

"పులుపు లేంది పట్టు రంగు పట్టదు."

"ఎంత పులుపుందో తెలుసా?"

"తెలుసు."

"ఎంత?"

"సరిపోయేంత."

"కొలిచినవా?"

"రంగు కలపకముందు నాలికె మీద ఒక చుక్క ఏసుకొని సూశిన."

నా కాలేజీ చదువుకు అవమానమైనట్టు అనిపించింది. "ఇది ప్రొటీన్ బాపూ. ఆమ్లంల పెడితే ఖరాబైతది."

"మీ తాత కాలం నుంచి ఖరాబు కానిది ఇయ్యాల ఐతదా? జర సూస్తుండు, నల్లరంగు పొట్లం తెస్త. కట్టె తిప్పుడు తప్ప ఏం జెయ్యకు."

బాపు వెళ్ళగానే కాగితం ముంచాను. ఎర్రగా వచ్చింది. పుస్తకం అట్ట మీది రంగులతో పోల్చాను. ఎరుపంటే ఘోరమైన ఆమ్లం. అమ్మ చీర ఆమ్లంలో ఉడుకుతోంది, కాపాడగలిగిన చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. నూలు రంగులకు వాడే కాస్టిక్ సోడా డబ్బా గోడవార ఉంది. అది క్షారం. ఒక గ్లాసు వేశాను. కాగితం ముంచాను. ఎరుపే. రెండో గ్లాసు. ఎరుపే, కాకపోతే ఇంకొంచెం ముదిరింది. ఆమ్లం మొండికేస్తోందని మండిపోయాను. నాలుగో గ్లాసుకు డబ్బా ఖాళీ అయింది. కాగితం కోపంతో కందిన మొహంలా వచ్చింది.

కాచిన క్షారంలో ప్రొటీన్ బంధాలు తెగిపోతాయన్న సంగతి సిలబస్‌లో ఉంది. మరుసటి వారం.

బాపు వచ్చి కట్టె పైకెత్తాడు. కట్టెకు ఏమీ రాలేదు. గరిటెతో కలిపాడు. జావ. అందులోంచి సైకిల్ ట్యూబు ముక్కలు మాత్రం, ఒక్క ముడి కూడా వీడకుండా తేలాయి. అమ్మ ముడులు అంత గట్టివి.

"ఏం పోశినవురా?"

"తటస్థం చేస్తున్న బాపూ."

ఆయన కొట్టలేదు. గిన్నె దించి, తొట్టిలో చేతులు చాలాసేపు కడుక్కున్నాడు. అమ్మ వచ్చి గిన్నెలోకి చూసింది, వేలు చూసుకుంది, లోపలికి పోయింది. ఆ తర్వాత పన్నెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, కంచం చప్పుడుతోనే తిట్టేది.

పెళ్ళికి పాత ఆకుపచ్చ చీరే కట్టుకుంది. "కొత్త చీరేది వదినె?" అని అడిగినవాళ్ళందరికీ ఒకటే జవాబు. "మావోని సదువు తినేశింది." ఆ పెళ్ళిలో నా చదువు గురించి తెలియకుండా భోంచేసినవాళ్ళు లేరు.

తిరిగి వచ్చిన రోజు అమ్మ ముందు కూర్చున్నాను. దాచిన ట్యూబు ముక్కలు కుప్ప పోసి, వాటి మీద చెయ్యి పెట్టి, చాలా గంభీరంగా ప్రమాణం చేశాను. ఇక నా జన్మలో, తాగే చాయ్ తప్ప ఏ గిన్నెలోనూ ఏదీ కలపను. పులుపుతో, ఉప్పుతో, సోడాతో నాకు సంబంధం లేదు. బిర్యానీ కంచాన్ని లెక్కలోంచి తీసేస్తే, ఆ ప్రమాణం ఈనాటికీ తప్పలేదు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ నా కోపం ఇంకా చల్లారలేదు. అయిదు కాగితాలూ తీసి వరుసగా పరిచాను.

"తప్పంత నాదే కాదమ్మా. చూడు. అయిదుసార్లు ముంచితే అయిదుసార్లు ఎర్రగనే వచ్చింది. కాయితమే మోసం జేశింది."

అమ్మ ఒక కాగితం తీసుకుంది. అరుగు మీద కూర్చున్న బాపు చెయ్యి, మణికట్టు దాకా ఎర్రగా ఉన్నదాన్ని, పట్టి లాగి, దాని పక్కన పెట్టింది.

"మీ బాపు చెయ్యి సూడు. ఎర్రనీళ్ళల్ల పెడితే చెయ్యే ఎర్రగైతది, కాయితం గాకుంటదారా?"