దూలం కింద దారం

నాకు భయం ఎక్కువ. కుక్కర్ కూత వేయడం ఆలస్యమైనా భయమే, తొందరగా వేసినా భయమే. అలాంటిదాన్ని, ముత్తాతల నాటి జిన్నింగ్ ఫ్యాక్టరీ కప్పు కింద పద్దెనిమిది మంది ఆడవాళ్లను కూర్చోబెట్టి కుట్టుపని నేర్పుతున్నాను. మా ఊళ్లో అంత వెలుతురున్న గది ఇంకొకటి లేదు మరి.

పత్తిలోంచి గింజలు తీసే మిషన్లు ఎప్పుడో పాత ఇనుములోకి పోయాయి. వాటి షెడ్డు రేకులు కూడా లేచిపోయాయి. మిగిలింది పత్తి బేళ్లు దాచిన గోడౌను ఒక్కటే. నల్లరాతి గోడలు, కిటికీలో చేయి చాపితే అవతలి అంచు అందనంత మందం. బండి ఎద్దులతో సహా లోపలికి వచ్చేంత కమాను వాకిలి. పత్తికి నిప్పంటుకుంటుందని లోపల దీపం పెట్టనిచ్చేవారు కాదట. అందుకే కిటికీలన్నీ బాగా ఎత్తులో, ఉత్తరం వైపే పెట్టారు. ఎండ లోపలికి రాదు, వెలుతురు మాత్రం పొద్దుగూకేదాకా తగ్గదు. సూదిలో దారం ఎక్కించేవాళ్లకు అంతకంటే ఏం కావాలి? కట్టినాయన ఎవరో గానీ నాలాగే పిరికివాడై ఉంటాడు. అందుకే ఆయనంటే నాకు ఇష్టం.

పైకప్పు మాత్రం మా ఇళ్ల కప్పులాంటిదే. టేకు దూలాలు, వాటి మీద నాపబండలు, బండల మీద చౌడు. చౌడంటే ఉప్పుమట్టి. తడిస్తే బిగిసిపోయి నీటిని కిందికి దిగనివ్వదు. వానలకు ముందు మిద్దె మీద చౌడు పోయడం మా వైపు ఇంటింటి పని. మా నాన్న ఏటేటా పోసేవాడు. కిందటేడు తొలివానకే గోడౌను రెండుచోట్ల కారితే నేనూ అదే చేయించాను. రెండు ట్రాక్టర్ల చౌడు పైకెక్కించి, తొక్కించి, ఏదో ఘనకార్యం చేసినట్టు కిందికి దిగాను.

కారడం ఆగింది. నెల తిరక్కముందే, కత్తిరింపు బల్ల మీద పరిచిన తెల్లగుడ్డ మీద పొద్దున్నే సన్నటి మట్టి కనిపించసాగింది. దులిపేదాన్ని. మర్నాడు మళ్లీ పడేది. పైకి చూస్తే నడిమి దూలం కిందికి దిగినట్టు అనిపించింది. నిజంగా దిగిందా, నా భయమా? నా కళ్లను నేనే నమ్మను. నిచ్చెన వేసుకుని, ఆ గోడ నుంచి ఈ గోడకు, దూలం కిందుగా నాలుగు పేటల కుట్టుదారం బిగించి కట్టాను. దారానికీ దూలానికీ మధ్య నా చూపుడువేలు సరిగ్గా పట్టింది.

ఇక చూడండి నా అవస్థ. రోజూ అందరికంటే ముందు వచ్చి, నిచ్చెనెక్కి వేలు పెట్టి చూడటం. జాకెట్టు చంక ఎలా కత్తిరించాలో చెబుతూ చెబుతూ పైకి చూడటం.

"యాలక్కా, అస్తమానం పైకి చూస్తాండావు?" అని అడిగింది ముందు వరుసలో కూర్చునే ఆమె. ఇద్దరు పిల్లల తల్లి, పత్తిచేలల్లో కూలి మానుకుని నేర్చుకోవడానికి వచ్చింది.

"పాత బిల్డింగు కదా, బల్లులు పడతాయేమోనని" అన్నాను. నిజం చెబితే ఎవరూ రారని నా భయం.

ఒక పొద్దున వేలు దూరలేదు. దారం దూలానికి ఆనుకుని ఉంది. గబగబా కిందికి దిగాను. అందరూ వచ్చేలోగా వాకిలికి అడ్డం నిలబడి, మిషన్లన్నీ ఇద్దరు కూలీల చేత బయట వేపచెట్టు కిందికి మోయించాను. మా ఇంటి మిద్దె కట్టిన ముసలి మేస్త్రీని పిలిపించాను.

ఆయన దూలం కింద గుంజలు నిలబెట్టించి, నాతోపాటు పైకెక్కి గడ్డపార దించాడు. మోకాలి లోతు దిగినా బండ తగల్లేదు.

"ఏమ్మా, పోసేముందు పాత చౌడు తీపిచ్చినావా?"

"తీయాల్నా మామా?"

ఆయన గడ్డపార కింద పెట్టేశాడు. "మీ నాయన ముందు పాతది గీకి పారేసి, ఆమీట కొత్తది పోసేటోడు గదమ్మా. ఈడ ఎవురూ తీసినట్టు ల్యా. ఒకరు పోసినదాని మీద ఒకరు పోసుకుంటా వచ్చినారు. కట్టినోడు లోపల పత్తి పెట్టేదానికి కట్టినాడు. నెత్తిన చేను పెట్టుకునేదానికి కాదు."

గీకే రోజు దుమ్మని నాన్న మమ్మల్ని కిందికి తోలేవాడు. కొత్తమట్టి తొక్కేటప్పుడే పైకి పిలిచేవాడు. నాకు గుర్తున్నదల్లా ఆ తొక్కుడే.

తవ్వుతుంటే పొరలు పొరలుగా కనిపించాయి. ఒక దాంట్లో పత్తిగింజలు, ఒక దాంట్లో పెంకులు. అన్నిటికంటే మందమైన పొర నాది. సిగ్గుతో చచ్చిపోయాను.

కిందికి దిగి, వేపచెట్టు కింద కూర్చున్న ఆడవాళ్లకు ఉన్నదంతా చెప్పాను. బల్లులు కాదని, చౌడు పోయించింది నేనేనని, దారం ఎందుకు కట్టానో కూడా. ముందు వరుస ఆమె లేచింది.

"పడితే మా మీద పడ్తాదని నీకు తెలుసు. మాకు తెలీదు. నా పిల్లోల్లకు ఎవురక్కా దిక్కు?" అని సంచి తీసుకుని వెళ్లిపోయింది.

మిగతావాళ్లు గంపలందుకున్నారు. నాలుగు రోజులు మోశాం. మేస్త్రీ పలచగా కొత్త చౌడు పోయించి, గుంజలు తీయించాడు. నేను నిచ్చెనెక్కాను. చూపుడువేలు పట్టలేదు గానీ చిటికెనవేలు దూరింది. పోయిన బిగువంతా తిరిగి రాదని, ఇంతైనా లేచిందంటే టేకు గట్టిదని మేస్త్రీ అన్నాడు.

వారం తర్వాత ఆమె వచ్చింది. వాకిట్లోనే నిలబడింది. "చిటికెనవేలు పట్టింది, రామ్మా" అన్నాను. నా మాట వినిపించుకోలేదు. చీర కొంగు దోపుకుని, నిచ్చెన తెచ్చి వేసుకుని, ఎక్కి, తన వేలు పెట్టి చూసుకుంది. అప్పుడు దిగివచ్చి తన మిషను దగ్గర కూర్చుంది.

ఇప్పుడు రోజూ పొద్దున ఆమే ఎక్కి చూస్తుంది. నేను కింద నిచ్చెన పట్టుకుంటాను.